పెన్సిలు బొమ్మలో ఎడమ చెంప

మ్యూజియంలో పాత కాగితాలు, పాత బొమ్మలు బాగుచేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ కుంచె కొనాలి, ఏ జిగురు వాడాలి అని అడుగుతారు. అవన్నీ మీ పాఠాల్లో ఉన్నాయి, నన్ను విసిగించకండి. పాఠాల్లో లేనిది ఒకటుంది. ఈ ఉద్యోగంలో చెదపురుగు కన్నా, తేమ కన్నా ఎక్కువ పాడుచేసేది ఒక మాట: "కాస్త బాగా కనపడేట్టు చెయ్యమ్మా." సర్వీసంతా ఈ మాట విన్నాను. విన్నప్పుడల్లా ఒళ్ళు మండింది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ మంట చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి తక్కువ, వాటి గురించి చెప్పుకోవాల్సింది అంతకన్నా తక్కువ.

చేతులు వెనక్కి పెట్టుకోవడం

మాది నందిగామ. నాన్న బడిపంతులు. బెజవాడలో ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మా ఆఫీసరు గారు ఒక పాత బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, "చేతులు వెనక్కి కట్టుకుని చూడమ్మా" అన్నారు. బళ్ళో తప్పు చేసిన పిల్లని నిలబెట్టినట్టు నిలబెట్టారు. భోజనాల వేళకి వచ్చి, "ఏం చూశావు?" అని అడిగారు. మరకలున్నాయండీ, మూల చిరిగిందండీ, అన్నాను. "బొమ్మలో ఎవరున్నారు?" అన్నారు. నేను చూడలేదు! పొద్దుటి నుంచి మరకలే చూశాను. మధ్యాహ్నం మళ్ళీ నిలబెట్టారు. చేతులు ముందుకి రావడానికి ముందు కళ్ళు పనిచెయ్యాలన్నది ఆయన పద్ధతి. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా దాదాపు ఇదే.

ఇంకొకటి కూడా నేర్పారు. జి.కొండూరు నుంచి ఒక జంట వాళ్ళ తాతయ్య ఫొటో తెచ్చారు. మన వైపు అలవాటు మీకు తెలుసుగా, ఏదైనా అపురూపమైంది ఇంట్లో ఉంటే తీసుకెళ్ళి లామినేషన్ చేయించేస్తారు. పదో తరగతి మార్కుల కాగితం, పట్టాదారు పాసుపుస్తకం, తాతయ్య మొహం, అన్నీ ఒకే వేడి మిషన్లోకి పోతాయి. ప్రేమతోనే చేస్తారు, అదే బాధ. ఆ ఫొటోకి లోపల బుడగలొచ్చి, తాతయ్య మొహం ప్లాస్టిక్కుకి అతుక్కుపోయింది.

"కొత్తదానిలా ఉంటదని చేయించామండీ. ఇప్పుడు ఊడదీసి ఇవ్వండి" అంది ఆవిడ.

ఏదో ఒకటి ప్రయత్నిస్తానని చెప్పబోతుంటే ఆఫీసరు గారు నన్ను పక్కకి పిలిచారు. "రాదు అని చెప్పు. ఇంకా పాడవకుండా చూసుకోమని చెప్పు. రానిదాన్ని రాదని చెప్పడం కూడా మన పనే" అన్నారు. చెప్పాను. ఆవిడ ఏడ్చింది. ఆ ఏడుపు భరించలేక చేతనైనట్టు నటించే వాళ్ళని తర్వాత చాలామందిని చూశాను. వాళ్ళు ముట్టుకున్న బొమ్మలు చివరికి నా బల్ల మీదికే వచ్చేవి.

చెవిటికల్లు నుంచి వచ్చినామె

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. అప్పటికి ఆ మంచి ఆఫీసరు గారు రిటైరైపోయి చాలా కాలమైంది. జిల్లాలోని పాత చిత్తరువులన్నీ ఒకచోట పెట్టి ప్రదర్శన చెయ్యాలని మా కొత్త డైరెక్టరు గారికి పుట్టింది. మంచి ఆలోచనే, కాదనను. బొమ్మలు వెతకడానికి నన్ను ఊళ్ళ మీదికి పంపారు.

చెవిటికల్లు దాటాక, కృష్ణ ఒడ్డున ఒక చిన్న పేటలో చర్చి ఉంది. పాస్టర్ గారి గదిలో, క్యాలెండర్ల మధ్యన, పలకంత పెన్సిలు బొమ్మ ఒకటి వేలాడుతోంది. నలభై దాటిన ఆడమనిషి. ముతక చీర, భుజం మీదుగా బిగించి దోపింది. చెవులకి కుట్లున్నాయి, కమ్మల్లేవు. నుదుట బొట్టు లేదు. గీసేవాళ్ళ వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తోంది, మధ్యలో వదిలి వచ్చిన పనేదో గుర్తుకొచ్చినట్టు. రెండు చెంపల నిండా మశూచి మచ్చలు.

బొమ్మ మీద పేరు లేదు. వెనక ఒక్క అక్షరం లేదు. కాగితం తీరు, అట్ట తీరు చూసి పంతొమ్మిదో శతాబ్దం చివరిదని చెప్పగలం, అంతే. అప్పట్లో ఆ చుట్టుపక్కల క్రైస్తవ మిషనులో ఉన్న ఏ దొరసానో గీసి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, గమనించండి.

ఎవరు గీశారో గానీ, ఆ చెయ్యి గొప్పది. కళ్ళ మీద పెట్టినదానికన్నా ఎక్కువ సమయం ఆ చెంపల మీద పెట్టింది. ఒక్కో మచ్చకి పెన్సిలు మొన నిలబెట్టి, కాగితం లోపలికి దిగేట్టు నొక్కి, ఒక పక్క నీడ పెట్టి, రెండో పక్క తెలుపు వదిలింది. తాకితే వేలికి గుంట తగులుతుందేమో అనిపించేది. అడ్డదిడ్డంగా చుక్కలు పొడిచేసి వదిలెయ్యొచ్చు. అలా వదల్లేదు.

పాస్టర్ గారు ఇస్తానన్నారు. కానీ గుమ్మంలో ఒకావిడ కూర్చుని ఉంది, సువార్తమ్మ అని, డెబ్బై ఏళ్ళ మనిషి. జీవితమంతా మిరప తోటల్లో కూలికి పోయింది. ఆమె మొహం చూశాను. ఆమెకీ అవే మచ్చలు.

"ఎక్కడికమ్మా ఆమెని తీస్కెళ్ళేది?" అంది.

చెప్పాను. అప్పుడు ఆమె చెప్పింది. ఆ పేటలో ఏ బిడ్డకైనా ఒంటి మీద మశూచి పోసి తగ్గాక, తల్లి మొదట ఇక్కడికే తీసుకొస్తుంది. బొమ్మ ముందు నిలబెట్టి, చూడు, ఈమెకీ వచ్చింది, బతికింది, నువ్వూ బతికావు, అని చెబుతుంది. ఇప్పుడు ఆటలమ్మకైనా అంతే చేస్తారు. సువార్తమ్మకి చిన్నప్పుడు మశూచి పోసింది. ఆమెనీ వాళ్ళమ్మ అలాగే నిలబెట్టింది.

"అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చేదమ్మా నాకు. మా అమ్మ అద్దం దాచేసి ఈమెని చూడమనేది. నేను ఈమెని చూసుకునే పెరిగా."

"పేరేంటండీ ఈమెది?"

"మాకేం తెలుసు? మా నాయనమ్మకే తెలీదు."

ఆమెకి మాటిచ్చాను. ఎలా తీసుకెళ్తున్నానో అలాగే తెచ్చిస్తానని.

ఈగలు వాలాయట

బొమ్మని బెజవాడ తెచ్చాక పేరు గొడవ మొదలైంది. నేను 'ఎవరో తెలియని స్త్రీ' అని రాసిచ్చాను. డైరెక్టరు గారు మొహం చిట్లించారు.

"గుర్తు తెలియని స్త్రీ అంటే పేపర్లో పోలీసు ప్రకటనలా ఉంటుందమ్మా. ఎవరో ఒకరి పేరు కనిపెట్టు."

పేరు కనిపెట్టడమేంటి? నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెలియదు అని చెప్పడానికి మన ఆఫీసుల్లో ఎందుకంత సిగ్గు? తెలియదు అంటే ఆ మనిషి లేదని కాదు కదా. ఉంది, ఎదురుగా ఉంది, పేరు మాత్రం మనదాకా రాలేదు. రాకపోవడం ఆమె తప్పా?

ఈలోగా ప్రదర్శన గురించి పేపర్లో బొమ్మ పడింది. జగ్గయ్యపేట నుంచి నరసింహారావు గారని ఒక పెద్దమనిషి, సున్నపురాయి క్వారీలున్నాయన, నలుగురిని వెంటేసుకుని వచ్చారు. బొమ్మలో ఉన్నది వాళ్ళ తాత గారి తల్లట.

"మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళండీ. దొరలు వెతుక్కుంటా వచ్చి మరీ ఆవిడ బొమ్మ గీసుకెళ్ళారంట."

"ఎలా గుర్తుపట్టారండీ?" అన్నాను.

"ముక్కు చూడండి" అని తన ముక్కు చూపించారు.

చూశాను. ముక్కు ముక్కులాగే ఉంది.

"మరి చెవులకి ఏమీ లేవు కదండీ?"

"బొమ్మ గీసేటప్పుడు తీసి పెట్టుంటారు."

"ఈ మచ్చల సంగతి?"

ఆయన డైరెక్టరు గారి వైపు చూశారు. "మా ముత్తవ్వ పచ్చగా దబ్బపండులా ఉండేదంటండీ. అయ్యి ఈగలు వాలిన మచ్చలై ఉంటయి."

"ఈగలే, ఈగలే. పాతవాటికి మామూలే" అన్నారు డైరెక్టరు గారు. ప్రదర్శన హాలుకి ఏసీలు పెట్టిస్తానని ఆ పెద్దమనిషి అప్పటికే మాటిచ్చారని నాకు తర్వాత తెలిసింది.

ఈగ మచ్చ ఎలా ఉంటుందో మొదటి నెలలో నేర్చుకుంటాం. కాగితం మీద పొక్కులా పైకి లేచి ఉంటుంది. పెన్సిలు నొక్కు లోపలికి దిగి ఉంటుంది. గదిలో లైట్లు తీసేసి, టార్చి పక్కనుంచి వేసి ఇద్దరికీ చూపించాను. గుంటలు గుంటలుగా తెలుస్తున్నాయి. చిన్నపిల్లాడికి చూపించినా ఒప్పుకుంటాడు. డైరెక్టరు గారు లైటు వేయించి, "సరేలే, శుభ్రం చేసెయ్. బొట్టొకటి పెట్టు, పుణ్యస్త్రీ అంటున్నారు" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె వాళ్ళ ముత్తవ్వ అన్నందుకు నాకు కోపం రాలేదు. కాదనడానికి నా దగ్గర మాత్రం ఏముంది? మశూచి మేడలు, గుడిసెలు చూసుకుని రాలేదు. కావాలంటే తీసుకోండి, మచ్చలతో తీసుకోండి! ఆ మొహం కావాలి గానీ ఆ మొహంలో ఉన్నది వద్దు అంటే ఎలా? ఆమె కాదు కావాల్సింది, ఫ్రేములో ఖాళీ జాగా.

బొమ్మ ఇచ్చిన వాళ్ళనీ వదలను. అదే వారంలో పాస్టర్ గారు ఫోన్ చేశారు. "మేడమ్, ఎటూ బాగుచేస్తున్నారుగా, మెళ్ళో చిన్న సిలువ ఒకటి గీస్తే మా సంఘానికి బావుంటదండీ" అన్నారు. ఫోన్లోనే కేకలేశాను. ఆయన మంచివాడు, నవ్వేసి ఊరుకున్నారు. నవ్వేసి ఊరుకునే వాళ్ళతో పేచీ లేదు.

డైరెక్టరు గారితో మాత్రం చెయ్యనని చెప్పేశాను. "దుమ్ము దులపడానికే కదమ్మా నీకు జీతమిచ్చేది" అన్నారాయన. దుమ్మే దులుపుతానండీ, మొహం దులపను, అన్నాను.

అసలు, నకలు

నందిగామలో మా చెల్లెలి ఇంటి గృహప్రవేశానికి సెలవు పెట్టాను. వంటవాళ్ళతో మాట్లాడుతుండగా మా ఆఫీసు అటెండరు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ బల్ల మీద బొమ్మ లేదండీ. డైరెక్టరు గారు నరసింహారావు గారి మనుషులకి ఇచ్చి పంపించేశారు. జగ్గయ్యపేటలో ఖాసిం గారి ఫొటో స్టూడియోకంట."

పట్టుచీరతోనే బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర సిమెంటు లారీలు అడ్డం పడి బస్సు కదల్లేదు. దిగి ఆటో పట్టుకున్నాను. ఆటోలో కూర్చుని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో ఆ స్టూడియో. గోడల నిండా చనిపోయిన వాళ్ళ ఫొటోలు, దండల కోసం ఎదురుచూస్తున్నాయి. ఎవరి ఒంటి రంగు వాళ్ళది కాదు, అందరూ ఒకే గులాబి రంగు. ఆడవాళ్ళందరికీ ఒకే బొట్టు, ఒకే చోట, ఒకే సైజు. స్టూడియో ఖాసిం గారిది, అరవై ఏళ్ళ మనిషి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే టచప్ చేస్తాడు. లైటు కింద తల వంచుకుని రబ్బరు పెట్టి రుద్దుతున్నాడు.

"ఖాసిం గారూ, చెయ్యి తియ్యండి!"

ఉలిక్కిపడి చెయ్యెత్తాడు. కుడి చెంప మీద మచ్చలు ఉన్నాయి. ఎడమ చెంప తెల్లగా, నున్నగా, ఎవరిదో అన్నట్టుంది.

"ఏందమ్మా, ఏమైంది?"

"అసలు బొమ్మని రబ్బరేసి తుడుస్తారా ఎవరన్నా?"

"అసలా? కాపీ అన్నారమ్మా వాళ్ళు! మేం అసలు మీద చెయ్యి పెట్టంగా. అసలు ముందే ఇచ్చేసి, పెద్దది చేసిన ప్రింటు మీదే కదా పెన్సిలు పెట్టేది. ముందెవరో టచప్ చేసి చెడగొట్టారనుకున్నా. అందుకే చుక్కలు తీసేస్తున్నా."

"చుక్కలు కావవి. ఆమె మచ్చలు."

"మచ్చలతో ఎవరన్నా గోడకి పెట్టుకుంటారా అమ్మా? నలభై ఏళ్ళ నుంచి తీస్తానే ఉన్నా. తియ్యకపోతే తిడతారు."

ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆయన పనిలో ఆయన చేసింది సరైనదే. నకలని చెప్పి అసలుని ఆయన చేతిలో పెట్టిన వాళ్ళది తప్పు. బల్ల మీది నుంచి తీసి ఇచ్చి పంపిన వాడిది అంతకన్నా పెద్ద తప్పు. ఖాసిం గారు రబ్బరు పక్కన పడేసి, "ఫొటో ఏదన్నా ఉంటే ఇవ్వండి, చూసి అచ్చం అట్టాగే గీసిస్తా" అన్నాడు పాపం. వద్దన్నాను.

సమానం చెయ్యడం

మర్నాడు డైరెక్టరు గారి గదికి వెళ్ళి బొమ్మ చూపించాను. సిగ్గుపడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"దీనికింత రాద్ధాంతం దేనికమ్మా? ఈ చెంప చూసి ఆ చెంపకి గీసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందండీ."

"పోనీ ఆ రెండోది కూడా తీసెయ్. సమానంగా ఉంటుంది."

సమానంగా! ఒక మనిషి మొహం సగం తుడిచేసి, మిగతా సగం కూడా తుడిచేస్తే గొడవుండదు అనే బుర్ర ఈ దేశంలో ఎన్ని కుర్చీల్లో కూర్చుని ఉందో ఆలోచించండి.

గీయకపోవడానికి కారణం కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. రబ్బరు పెన్సిలు పొడిని తీస్తుంది గానీ నొక్కుని తియ్యలేదు. లైటు తీసేసి టార్చి పక్కనుంచి వేస్తే ఎడమ చెంప మీద ఆ గుంటలు ఇంకా ఉన్నాయి. ఆ గీసిన చెయ్యి మిగిల్చింది అంతే. దాని మీద నేను నా పెన్సిలు పెడితే అది కూడా పోతుంది.

బొమ్మ కింద ఒక్క వాక్యం రాయమని అడిగాను. ఎడమ చెంప మీది మచ్చలు మా దగ్గర ఉండగా చెరిగిపోయాయి అని. ఆయన ఒప్పుకోలేదు. ఆఫీసు పరువు పోతుందట. బొమ్మని ప్రదర్శనలో పెట్టలేదు, నన్ను స్టోరు గదికి మార్చారు, రిటైరయ్యే దాకా అక్కడే. నరసింహారావు గారికీ ఇక ఆ బొమ్మతో పని లేకపోయింది. సెల్‌ఫోన్లో తీసుకున్న ఫొటోకి కంప్యూటర్లో బొట్టు, ముక్కుపుడక పెట్టించి, ముత్తవ్వ పేరుతో సెంటర్లో ఫ్లెక్సు కట్టించారు. కొన్నాళ్ళకి అది ఒక పకోడీల బండి మీద పందిరైంది. అటువైపు వెళ్ళినప్పుడు చూశాను. వానకి తడుస్తూ, నున్నటి చెంపలతో నవ్వుతోంది. అసలు బొమ్మలో ఆమె నవ్వలేదు.

ఒప్పజెప్పడం

తీసుకొచ్చిన వస్తువుని తిరిగి ఒప్పజెప్పడానికి ఎప్పుడూ మీరే వెళ్ళండి. అటెండరుని పంపకండి, కొరియరులో వెయ్యకండి. పాడైతే మరీ మీరే వెళ్ళాలి.

బొమ్మ తీసుకుని చెవిటికల్లు బయల్దేరాను. పాస్టర్ గారు చూసి, "అయ్యో" అని ఒక్క మాట అన్నారు. సువార్తమ్మని పిలిపించారు. ఆమె మిరప తోటలోంచి అలాగే వచ్చింది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. బొమ్మకి ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరి మీద కోపంతో చెప్పానో ఆ పేర్లన్నీ ఆమెకి అనవసరం. అయినా చెప్పాను. తర్వాత, ఏదో ఒకటి మిగిలిందని చూపించాలని, తలుపు దగ్గరికి వేయించి టార్చి తీశాను.

"చూడండి సువార్తమ్మ గారూ, గుంటలు అలాగే ఉన్నాయి. పూర్తిగా పోలేదు."

ఆమె వంగి చూసింది. గుంటలు చూసింది. లేచి నిలబడింది.

"అయితే పిల్లల్ని తెచ్చినప్పుడల్లా తలుపులేసి లైటెయ్యాలా?"

నేను టార్చి ఆర్పేశాను. పాస్టర్ గారు తలుపు తీశారు.

"ఎట్టా తీస్కెళ్ళావో అట్టానే తెస్తానన్నావు గదమ్మా."

"అన్నానండీ."

"ఆమెకి ఏం బాగాలేదని బాగుచేశారు మీరంతా?"

ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళూ నన్ను అడగాల్సి ఉండీ ఎవరూ అడగని ప్రశ్న అది. మా డైరెక్టరు గారిని నిలబెట్టి అడగాల్సింది, ఆయన అక్కడ లేరు. ఎప్పుడూ ఉండరు వాళ్ళు. ఒప్పజెప్పే చోట ఉండేది మీరూ నేనే.

సువార్తమ్మ దగ్గరికొచ్చింది. కొంగు తలమీది నుంచి వెనక్కి తోసి, తన ఎడమ చెంప నా మొహానికి ఎదురుగా తిప్పింది.

"ఎటూ వచ్చారు. ఇది కూడా తుడిచేసి పోండి" అంది.